ఎంత తిరిగితే నిలబడుతుంది? రైఫిల్ బ్యారెల్ ట్విస్టు లెక్క

వంద మీటర్ల దూరంలో కట్టిన కాగితం టార్గెట్ మీద బుల్లెట్ పడితే, అంచు చుట్టూ సన్నటి నల్ల గీత ఉన్న గుండ్రటి రంధ్రం కనిపించాలి. బ్యారెల్ లోపలి మసిని బుల్లెట్ తన ఒంటికి పూసుకొచ్చి కాగితానికి తుడిచిన గుర్తు అది. ఒక్కోసారి ఆ రంధ్రం కాస్త కోలగా వస్తుంది. నల్ల గీత ఒకవైపు మందంగా, రెండోవైపు పలచగా ఉంటుంది. వ్యవహారం ఇంకా ముదిరితే బుల్లెట్ పక్క ఆకారం మొత్తం, ముక్కు నుంచి వెనక అంచు దాకా, కాగితం మీద అచ్చు గుద్దినట్టు దిగుతుంది. పాతకాలం తాళంచెవి రంధ్రంలా ఉంటుంది కాబట్టి షూటర్లు దాన్ని కీహోల్ అంటారు. అది కనిపించాక స్కోపు మీదో, గాలి మీదో, ట్రిగ్గర్ మీది వేలి మీదో నెపం వేసి లాభం లేదు. బ్యారెల్ మూతి దెబ్బతినకుండా, బుల్లెట్ సైజు సరిగ్గా ఉండి కూడా ఇలా జరిగిందంటే దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే. ఆ బ్యారెల్ ఇచ్చే స్పిన్ ఆ బుల్లెట్‌కు చాలలేదు.

రైఫిల్ బ్యారెల్ లోపల మెలితిరిగిన గాడులు ఉంటాయి. బుల్లెట్ వాటిని కరుచుకుని ముందుకు పోతూ తిరుగుతుంది. ఒక పూర్తి చుట్టు తిరగడానికి బ్యారెల్లో ఎంత పొడవు పడుతుందో దాన్నే ట్విస్ట్ రేటు అంటారు. 1:10 అంటే పది అంగుళాలకు ఒక చుట్టు. 1:7 అంటే ఏడంగుళాలకే ఒక చుట్టు. అంకె చిన్నదయ్యేకొద్దీ ట్విస్ట్ వేగం పెరుగుతుంది. కొత్తవాళ్లు మొదట తికమకపడేది ఇక్కడే, పన్నెండు ఏడుకన్నా పెద్దది కదా అని.

బుల్లెట్ సెకనుకు 2,800 అడుగుల వేగంతో 1:10 బ్యారెల్ దాటిందనుకుందాం. 2,800 అడుగులంటే 33,600 అంగుళాలు. పదితో భాగిస్తే సెకనుకు 3,360 చుట్లు, నిమిషానికి 2,01,600. ఇంజిన్ ముల్లు ఆరు వేలు దాటితేనే కంగారుపడే మనకు ఈ అంకె కాస్త అతిగా అనిపిస్తుంది. 50 మీటర్ల పోటీల్లో వాడే .22 రైఫిల్‌ది చాలా నెమ్మది వ్యవహారం. అక్కడ 1:16 ట్విస్ట్, సెకనుకు సుమారు 1,070 అడుగుల వేగం. అయినా నిమిషానికి 48 వేల చుట్లు తప్పవు.

ఇంత తిరుగుడు ఎందుకు? బాణానికి వెనక ఈకలుంటాయి, అందుకే అది తిరక్కపోయినా ముక్కు ముందుకే పెట్టి పోతుంది. బుల్లెట్ తీరు దీనికి పూర్తిగా ఎదురు. కోసుగా ఉన్న ముక్కు తేలిక, బరువంతా వెనక. గాలి ఒత్తిడంతా కలిసి పనిచేసే చోటు, అంటే పీడన కేంద్రం, గురుత్వ కేంద్రానికి ముందు ఉంటుంది. ముక్కు ఒక్క వెంట్రుకవాసి పక్కకు జరిగినా గాలి దాన్ని ఇంకా పక్కకు తోస్తుంది. వదిలేస్తే బుల్లెట్ పల్టీలు కొడుతుంది. మూతి దాటిన మొదటి కొన్ని మీటర్లలోనే ఆ పని అయిపోతుంది.

బొంగరం సంగతి అందరికీ తెలుసు. తిరగని బొంగరాన్ని మొన మీద నిలబెడితే పడిపోతుంది. గట్టిగా తిరుగుతున్న బొంగరాన్ని వేలితో పక్కకు నెడితే, నెట్టినవైపు పడకుండా అడ్డంగా జరిగి చిన్న వలయం చుట్టి మళ్లీ సర్దుకుంటుంది. బుల్లెట్ చేసేదీ అదే. బొంగరాన్ని పడేయాలని చూసేది భూమి ఆకర్షణ, బుల్లెట్‌ను పడేయాలని చూసేది గాలి. తేడా అంతే. కానీ ముందు ముందు లెక్క మొత్తాన్ని మార్చేది ఈ తేడాయే, ఎందుకంటే భూమి ఆకర్షణ రోజూ ఒకటే, గాలి అలా కాదు.

స్పిన్ ఇచ్చే బిగువును గాలి పడదోసే బలంతో పోల్చి చెప్పే ఒక అంకె ఉంది. దాన్ని స్థిరత్వ గుణకం అందాం. అది 1కి తక్కువైతే బుల్లెట్ నిలవదు, కీహోల్ ఖాయం. 1 దాటితే సిద్ధాంతం ప్రకారం నిలబడుతుంది. సరిగ్గా ఒకటి అంటే కత్తి అంచు మీద నడక. కాస్త చలిగాలి వీచినా, బుల్లెట్ బ్యారెల్లోంచి కొంచెం వంకరగా బయటపడినా పని చెడుతుంది. టార్గెట్ షూటింగ్‌లో 1.4 నుంచి 1.5 పైన ఉంటే నిశ్చింత అన్నది ఇవాళ్టి వాడుక.

ఈ గుణకాన్ని ఏది పెంచుతుంది, ఏది తగ్గిస్తుంది అన్నప్పుడు చాలామంది మొదట బరువు పేరు చెబుతారు. “బరువైన బుల్లెట్‌కు వేగమైన ట్విస్ట్ కావాలి” అన్న మాట షూటింగ్ రేంజిలో రోజూ వినపడుతుంది. పూర్తిగా తప్పు కాదు గానీ, అసలు కారణం పక్కనుంది. వ్యాసం, అంటే అడ్డుకొలత, మారకుండా బరువు పెరగాలంటే బుల్లెట్ పొడవు పెరగాలి. ఇబ్బంది పెట్టేది ఆ పొడవే. పొడవు పెరిగితే గాలికి పట్టు దొరుకుతుంది. పైగా పొడవాటి వస్తువును దాని అక్షం చుట్టూ తిప్పి నిలబెట్టడం, పొట్టి లావు వస్తువును తిప్పి నిలబెట్టడమంత తేలిక కాదు. నిజానికి పొడవు మారకుండా బరువు ఒక్కటే పెరిగితే స్థిరత్వం పెరుగుతుంది కూడా.

దీనికి మంచి రుజువు రాగి బుల్లెట్లు. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు, రాగిది 8.9. అదే బరువు రాగితో తేవాలంటే బుల్లెట్ పొడవెక్కుతుంది. సీసం బుల్లెట్‌ను చక్కగా నిలబెట్టిన బ్యారెల్ అదే బరువున్న రాగి బుల్లెట్‌ను నిలబెట్టలేకపోవడం ఇందుకే. వెనక భాగం పడవ తోకలా సన్నబడే బోట్‌టెయిల్ బుల్లెట్, అడుగు బల్లపరుపుగా ఉన్న బుల్లెట్ ఒకే బరువుతో పక్కపక్కన పెడితే బోట్‌టెయిల్ పొడుగ్గా కనిపిస్తుంది. ముక్కుకు ప్లాస్టిక్ మొన బిగించినవి ఇంకో తిరకాసు. పొడవు పెరుగుతుంది, కానీ ఆ మొనలో బరువు ఏమీ ఉండదు. మామూలు సూత్రాలు దాన్ని నిజమైన లోహం పొడవుగా లెక్కేసి స్థిరత్వాన్ని ఉన్నదానికన్నా తక్కువ చేసి చూపిస్తాయి.

ఈ పాఠం 19వ శతాబ్దంలో పెద్ద ఎత్తునే బయటపడింది. బ్రిటిష్ సైన్యం 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ట్విస్ట్ 1:78. ఆరున్నర అడుగులకు ఒక చుట్టు! ఆనాటి లావాటి పొట్టి సీసం గుండుకు అదే చాలింది. ఇంజినీరు జోసెఫ్ విట్‌వర్త్ ఆరు పలకల బోరుతో, .451 అంగుళాల వ్యాసంతో, 1:20 ట్విస్టుతో ఒక రైఫిల్ తయారుచేశాడు. సన్నగా, పొడుగ్గా ఉన్న 530 గ్రెయిన్ల (బుల్లెట్ బరువును కొలిచే చిన్న కొలమానం) బుల్లెట్‌ను అది పేల్చేది. 1857లో ఇంగ్లండ్‌లోని హైత్‌లో రెండింటినీ పక్కపక్కన పరీక్షిస్తే దూరం పెరిగేకొద్దీ ఎన్‌ఫీల్డ్ చేతులెత్తేసింది. ఖరీదెక్కువ, మసి పట్టడం ఎక్కువ అని సైన్యం విట్‌వర్త్ రైఫిల్‌ను తీసుకోలేదు. కానీ సన్నటి పొడవాటి బుల్లెట్, దానికి తగ్గ గట్టి ట్విస్ట్ అన్న ఆలోచన మాత్రం టార్గెట్ షూటర్ల మధ్య పాతుకుపోయింది. గాలిని చీల్చుకుపోయే బుల్లెట్ కావాలంటే పొడవు కావాలి, పొడవు కావాలంటే స్పిన్ కావాలి. ఇవాళ్టికీ బేరం అదే.

ఆ బేరానికి మొదటి చేతిలెక్క 1879లో వచ్చింది. వూలిచ్‌లో ఫిరంగిదళ అధికారులకు గణితం చెప్పిన ఆల్‌ఫ్రెడ్ జార్జ్ గ్రీన్‌హిల్ దాన్ని తయారుచేశాడు. బుల్లెట్ పొడవును దాని వ్యాసాల్లో కొలవాలి. 150ని ఆ అంకెతో భాగిస్తే కావలసిన ట్విస్ట్ కూడా వ్యాసాల్లోనే వస్తుంది. ఉదాహరణకు .308 అంగుళాల వ్యాసం, 1.24 అంగుళాల పొడవున్న 175 గ్రెయిన్ల మ్యాచ్ (పోటీ) బుల్లెట్. పొడవు నాలుగు వ్యాసాల పైన కొంచెం. 150ని దానితో భాగిస్తే 37, మళ్లీ .308తో గుణిస్తే సుమారు 11.5 అంగుళాలు. .308 రైఫిళ్లలో ఎక్కువగా కనిపించే ట్విస్టులు 1:10, 1:11, 1:12. పొగ కక్కే నల్ల తుపాకిమందు రోజుల్లో పుట్టిన లెక్క నూటనలభై ఏళ్ల తర్వాత కూడా ఇంత దగ్గరగా తగలడం ముచ్చటైన విషయమే. అయితే గ్రీన్‌హిల్ లెక్కలో గాలి సాంద్రత లేదు, బుల్లెట్ బరువు విడిగా లేదు. ఆ లోటును డాన్ మిల్లర్ 2005లో ప్రచురించిన సూత్రం చాలావరకు తీర్చింది. బరువు, వ్యాసం, పొడవు, ట్విస్ట్, వేగం, ఉష్ణోగ్రత, పీడనం అన్నీ ఇస్తే స్థిరత్వ గుణకం చెబుతుంది. ఇవాళ ఫోన్లో దొరికే స్థిరత్వ కాలిక్యులేటర్లలో చాలావాటి లోపల నడిచేది ఇదే.

మిల్లర్ సూత్రాన్ని కాసేపు అటూ ఇటూ కదిపి చూస్తే రెండు విషయాలు స్పష్టమవుతాయి. ట్విస్ట్ ప్రభావం వర్గంలో ఉంటుంది. 1:12 నుంచి 1:11కి మారితే స్థిరత్వం 19 శాతం పెరుగుతుంది. వేగం ప్రభావం మాత్రం ఘనమూలంలో ఉంటుంది. సెకనుకు 2,600 అడుగుల నుంచి 2,800కి పెంచితే వచ్చేది రెండున్నర శాతం, అంతే. “కొంచెం తుపాకిమందు ఎక్కువ వేస్తే స్పిన్ పెరుగుతుంది, బుల్లెట్ అదే నిలబడుతుంది” అనుకునేవాళ్ల లెక్క తప్పేది ఇక్కడ. వేగం పెరిగితే స్పిన్ పెరిగే మాట నిజమే, కానీ పడదోసే గాలి బలం కూడా దానితోపాటే పెరుగుతుంది. అటు ఇచ్చింది ఇటు పోతుంది. చాలని ట్విస్టును మందుతో సరిచేయాలనుకోవడం ప్రెజర్ పెంచుకోవడం తప్ప ఇంకేమీ కాదు.

గాలి సాంద్రత సంగతికి వస్తే, దాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పే కథ ఎం16 రైఫిల్‌ది. దాని మొదటి రూపమైన ఏఆర్-15 బ్యారెళ్లు 1:14 ట్విస్టుతో వచ్చాయి. బుల్లెట్ 55 గ్రెయిన్లు, పొడవు సుమారు 0.74 అంగుళాలు. మామూలు వాతావరణంలో మిల్లర్ లెక్క వేస్తే స్థిరత్వం దాదాపు సరిగ్గా 1 వస్తుంది. అంటే ఎండపొడ ఉన్నచోట ఎలాగో నెట్టుకొస్తుంది. అలాస్కా చలి పరీక్షల్లో గురి చెదిరింది. అమెరికా సైన్యం పెట్టుకున్న చలి హద్దు మైనస్ 54 డిగ్రీల సెల్సియస్. ఆ చలిలో గాలి 15 డిగ్రీలప్పటికన్నా 30 శాతం పైగా చిక్కబడుతుంది. వేగం తగ్గడాన్ని పక్కనపెట్టినా గుణకం 0.76 దగ్గరకు పడిపోతుంది. 1963లో ట్విస్టును 1:12కి మార్చారు. అదే లెక్క 1:12కి వేస్తే మామూలు గాలిలో 1.37, ఆ భయంకరమైన చలిలో 1.04. గట్టెక్కింది, కానీ అంచు మీద. 1980ల్లో వచ్చిన ఎం16ఏ2లో ఏకంగా 1:7 పెట్టారు. అందుకు 62 గ్రెయిన్ల కొత్త బుల్లెట్ ఒక్కటే కారణం కాదు. దానితోపాటు వాడాల్సిన ట్రేసర్ బుల్లెట్ (పోయే దారి కనిపించేలా వెలుగుతూ పోయేది) లోపల మండే మందు నింపి ఉండటంతో చాలా పొడుగు. ఆ పొడుగాటి దానికోసం మిగతావన్నీ సర్దుకోవాల్సి వచ్చింది.

ట్విస్ట్ ఎంపిక ఒక తూటా (ఖోళం, మందు, బుల్లెట్ కలిసిన మొత్తం) జాతకాన్నే మార్చిన సందర్భమూ ఉంది. 1955లో అమెరికాలో రెండు 6 మిల్లీమీటర్ల తూటాలు ఒకేసారి మార్కెట్లోకి వచ్చాయి, .243 విన్‌చెస్టర్, .244 రెమింగ్టన్. శక్తిలో రెండోదే ఒక పిసరు మెరుగు. కానీ విన్‌చెస్టర్ 1:10 ట్విస్ట్ పెట్టింది, రెమింగ్టన్ తేలికపాటి బుల్లెట్లను మనసులో పెట్టుకుని 1:12 పెట్టింది. జనం 100 గ్రెయిన్ల బుల్లెట్ కావాలన్నారు. 1:12 బ్యారెల్ ఆ పొడవును నమ్మకంగా నిలబెట్టలేదన్న పేరు పడిపోయింది. 1963లో రెమింగ్టన్ అదే తూటాకు 6 ఎంఎం రెమింగ్టన్ అని పేరు మార్చి, 1:9 ట్విస్టుతో మళ్లీ తెచ్చింది. అప్పటికే ఆట .243 చేతిలోకి పోయింది. తూటాలో ఏ లోపమూ లేదు. ట్విస్టులోని రెండు అంగుళాల తేడా దాని గతిని నిర్ణయించింది.

ఇక్కడినుంచే ఈ చర్చలో అసలు చిక్కు మొదలవుతుంది. ట్విస్ట్ చాలకపోవడం ఎత్తైన గట్టు అంచు లాంటిది. అంచు దాటేవరకు ఏమీ కాదు, దాటాక ఒక్కసారిగా పడటమే. ట్విస్ట్ ఎక్కువవడం అలా ఉండదు, అది నెమ్మదిగా దిగే వాలు. నష్టం ఉంటుంది, కొద్దికొద్దిగా పెరుగుతుంది. రెండు తప్పులనూ ఒకే త్రాసులో వేసి “సరైన ట్విస్ట్ ఏది” అని అడగడం వల్లే చర్చలు ఎక్కడా తేలవు.

పైగా గట్టు అంచుకు ఇవతల కూడా ఒక లోతట్టు నేల ఉంది. గుణకం 1.1, 1.2 ఉన్న బుల్లెట్ పడిపోదు, కాగితం మీద గుండ్రటి రంధ్రమే చేస్తుంది. వంద మీటర్లలో గ్రూపు, అంటే రంధ్రాల గుంపు, కూడా దగ్గరదగ్గరగా బాగానే ఉంటుంది. కానీ ముక్కు సన్నగా ఊగుతూ పోతుంది కాబట్టి గాలి నిరోధం పెరుగుతుంది. దూరపు పోటీలకోసం డబ్బు పోసి కొన్న ఆ నాజూకైన ఆకారం ఇవ్వాల్సిన లాభంలో కొంత దారిలోనే కరిగిపోతుంది. 1.5 కావాలి అనే మాటకు మూలం ఇదే. అది బుల్లెట్ పడిపోకుండా ఉండటానికి పెట్టిన గీత కాదు, డబ్బాపై రాసిన బాలిస్టిక్ కోఎఫిషెంట్ (గాలిని చీల్చుకుపోయే సత్తాను చెప్పే అంకె) పూర్తిగా దక్కడానికి పెట్టిన గీత. వెయ్యి గజాల దగ్గర గాలి డ్రిఫ్ట్ ఊహించినదానికన్నా ఎక్కువ వస్తోందంటే, గాలి చదవడంలో పొరపాటు వెతికే ముందు ఈ అంకె ఒకసారి చూసుకోవడం మంచిది.

ఎక్కువ స్పిన్ వల్ల వచ్చే నష్టంలో మొదటిది బుల్లెట్ తయారీ లోపం పెద్దదై కనిపించడం. ఏ బుల్లెట్టూ నూటికి నూరు పాళ్లు సమతూకంగా ఉండదు. రాగి తొడుగు ఒకవైపు కాస్త మందం, లోపలి సీసంలో కంటికి కనపడని గాలి బుడగ. గురుత్వ కేంద్రం మధ్య గీతకు 0.005 మిల్లీమీటర్లు పక్కకు ఉందనుకుందాం. తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. బ్యారెల్లో ఉన్నంతసేపు గోడలు పట్టుకుని ఉంటాయి. మూతి దాటిన క్షణాన ఆ కేంద్రం తను తిరుగుతున్న వృత్తం అంచు నుంచి తిన్నటి గీతలో పక్కకు జారుకుంటుంది, ఒడిసెల నుంచి వదిలిన రాయిలాగా. ఆ పక్కకు జారే కోణం లెక్క చాలా తేలిక. పక్కకు ఉన్న దూరాన్ని 6.28తో గుణించి ట్విస్ట్ పొడవుతో భాగించడమే. 1:10 బ్యారెల్లో ఇది వంద మీటర్లలో 12.4 మిల్లీమీటర్లు. 1:14 బ్యారెల్లో 8.8. వేగం ఈ లెక్కలోకి రానే రాదు.

మూడున్నర మిల్లీమీటర్ల తేడాకోసం ఇంత గొడవా అనిపించొచ్చు. రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే బెంచ్‌రెస్ట్ పోటీల్లో ఉన్నవాళ్లకు అనిపించదు. అక్కడ ఐదు గుళ్లూ ఒకే రంధ్రంలోంచి పోయినట్టుండాలి, ఆ రంధ్రం ఎంత పెద్దదో కొలిచి గెలుపు నిర్ణయిస్తారు. అందుకే 6 పీపీసీ తూటాకు 1:13.5, 1:14 లాంటి నెమ్మది ట్విస్టులు వాడతారు. బుల్లెట్ 65-68 గ్రెయిన్లది, పొట్టిగా, అడుగు బల్లపరుపుగా ఉంటుంది. .30 బీఆర్ తూటాకు అయితే 1:17, 1:18 దాకా పోతారు. కావలసినంత స్పిన్, దానిమీద ఒక్క చుట్టు కూడా ఎక్కువ లేకుండా. దూరం 100, 200 గజాలే కాబట్టి పొడవాటి బుల్లెట్ అవసరం వాళ్లకు లేదు. వాళ్లను చూసి వెయ్యి గజాల షూటర్ నెమ్మది ట్విస్ట్ ఎంచుకుంటే బోల్తా పడతాడు. బుల్లెట్ల తయారీ బాగా మెరుగుపడిన ఈ రోజుల్లో దూరపు పోటీలకు ఒక మెట్టు వేగమైన ట్విస్ట్ తీసుకోవడమే తెలివైన పని.

రెండో నష్టం బుల్లెట్ విచ్చిపోవడం. సెకనుకు 3,300 అడుగుల వేగంతో పోయే పలచటి తొడుగు బుల్లెట్‌ను 1:7 బ్యారెల్లోంచి వదిలితే నిమిషానికి 3,39,000 చుట్లు దాటుతాయి. గాడులు తొడుగుపై గీసిన గీతల వెంట అది చిట్లుతుంది. మూతికీ టార్గెట్‌కూ మధ్య బూడిదరంగు పొగ చార ఒకటి మెరిసి మాయమవుతుంది. కాగితం మీద రంధ్రమే ఉండదు. మొదటిసారి చూసినవాళ్లు గురి మొత్తం తప్పిందని స్కోపు తిప్పడం మొదలుపెడతారు.

మూడోది నష్టమనేకన్నా పన్ను అనాలి. కుడివైపు మెలికున్న బ్యారెల్లోంచి వచ్చిన బుల్లెట్ గాలి లేకపోయినా కుడివైపు మెల్లగా జరుగుతుంది. వెయ్యి గజాల్లో .308 బుల్లెట్‌కు ఇది సుమారు 6 నుంచి 9 అంగుళాలు. అలాగే అడ్డగాలి బుల్లెట్‌ను పక్కకే కాదు, పైకీ కిందికీ కూడా కదుపుతుంది. కుడి మెలిక బ్యారెల్‌కు కుడినుంచి గాలి వీస్తే దెబ్బ కొంచెం పైకి, ఎడమనుంచి వీస్తే కొంచెం కిందికి. టార్గెట్ మీద గడియారంలో పదికీ నాలుగుకూ మధ్య ఏటవాలుగా సాగిన గ్రూపు కనిపించేది అందుకే. రెండూ స్పిన్‌తోపాటు కొంత పెరుగుతాయి. కానీ ప్రతిసారీ ఒకే తీరుగా వస్తాయి కాబట్టి లెక్కలో కలుపుకోవచ్చు. కీహోల్‌ను ఎవరూ లెక్కలో కలుపుకోలేరు.

“ఓవర్ స్టెబిలైజ్డ్” అన్న మాట కూడా చాలా తేలిగ్గా వాడేస్తుంటారు. స్పిన్ మరీ ఎక్కువైతే బుల్లెట్ ముక్కు ఆకాశం వైపే చూస్తూ ఉండిపోతుందని, పథం వంగినా తాను వంగదని దాని భావం. ఆకాశానికి ఎక్కుపెట్టి పేల్చే ఫిరంగి గుండుకు అది నిజమైన సమస్యే. టార్గెట్ రైఫిల్ పథం దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. వెయ్యి గజాలకు కూడా బ్యారెల్‌ను ఎత్తేది ఒక డిగ్రీకి అటూ ఇటూ. ఆ కొద్ది వంపును బుల్లెట్ ముక్కు సులువుగానే అనుసరిస్తుంది.

దూరం పోయేకొద్దీ స్పిన్ తగ్గి బుల్లెట్ అస్థిరమవుతుందన్న నమ్మకం ఇంకా పాతది, ఇంకా తప్పు. గాలి ముందుకు పోయే వేగాన్ని తినేసినంతగా తిరుగుడును తినలేదు. 175 గ్రెయిన్ల .308 బుల్లెట్ వెయ్యి గజాలకు చేరేసరికి వేగంలో సగానికి పైగా పోగొట్టుకుంటుంది, తిరుగుడులో పోయేది దానితో పోలిస్తే చాలా కొద్ది. పడదోసే బలం వేగంతోపాటు తగ్గిపోతుంది, నిలబెట్టే స్పిన్ దాదాపు అలాగే ఉంటుంది. కాబట్టి గుణకం దూరంతో పెరుగుతుంది. బుల్లెట్‌కు అత్యంత గడ్డుకాలం మూతి దాటిన తొలి క్షణమే.

మరి ఎనిమిదివందల గజాల దాకా బాగా పోయిన బుల్లెట్ తొమ్మిదివందల దగ్గర ఎందుకు చెదిరిపోతుంది? అది వేరే జబ్బు. వేగం ధ్వని వేగానికి దగ్గరపడినప్పుడు బుల్లెట్ చుట్టూ గాలిలో పుట్టే ఒత్తిడి అలలు తమ చోటు మార్చుకుంటాయి, పీడన కేంద్రం ముందుకు జరుగుతుంది, చిన్న ఊగిసలాట ఆరిపోకుండా పెరగడం మొదలవుతుంది. 300 మీటర్ల పోటీకోసం రూపొందిన 168 గ్రెయిన్ల .30 మ్యాచ్ బుల్లెట్‌ను వెయ్యి గజాలకు తీసుకెళ్లినవాళ్లందరికీ ఈ అనుభవం ఉంది. దాని తోక కోణం మరీ నిటారు. ఎంత ట్విస్ట్ ఇచ్చినా ఆ జబ్బు పూర్తిగా నయం కాదు. ధ్వని వేగానికి పైన ఉండగానే టార్గెట్ చేరడం ఒక్కటే దారి. పాల్మా అనే దూరపు పోటీల షూటర్లు 155 గ్రెయిన్ల బుల్లెట్‌ను పొడవాటి బ్యారెళ్లలోంచి సెకనుకు మూడు వేల అడుగులకు దగ్గరగా తోసేది ఇందుకే. ఆ బుల్లెట్ మరీ పొడుగు కాదు కాబట్టి 1:13 ట్విస్ట్ వాళ్లకు సరిపోతూ వచ్చింది.

ఇంతకీ బ్యారెల్ మీద చెక్కిన అంకెను ఎంతవరకు నమ్మొచ్చు? కొలిచి చూడటం పది నిమిషాల పని. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, బోల్టు తీసేయాలి. పిడి సులువుగా తిరిగే క్లీనింగ్ రాడ్ తీసుకుని, బిగుతుగా పట్టే గుడ్డముక్కతో మూతి నుంచి లోపలికి కొంచెం దూర్చాలి. రాడ్ మీద చిన్న టేపు ముక్కను జెండాలా నిలబెట్టి, మూతి దగ్గర పెన్నుతో ఒక గీత పెట్టాలి. మెల్లగా తోస్తే జెండా తిరుగుతుంది. అది మళ్లీ నిటారుగా నిలిచినప్పుడు రెండో గీత. రెండు గీతల మధ్య దూరమే ట్విస్ట్. ఒక్కసారితో ఆగకుండా మూడు నాలుగుసార్లు చేయాలి, గుడ్డ జారితే అంకె మోసం చేస్తుంది. 1:9 అని చెక్కిన బ్యారెల్ 9.2 చూపినా ఆశ్చర్యపోవక్కర్లేదు. గుణకం 1.4 దగ్గర తచ్చాడుతున్న బుల్లెట్‌కు ఆ తేడా లెక్కలోకి వస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది, ట్విస్ట్ మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉండటం. మూతి వైపు పోయేకొద్దీ ట్విస్ట్ నెమ్మదిస్తే, తొడుగుపై పడ్డ గీతలు కొత్త కోణంలో మళ్లీ చెక్కుడుపడి బుల్లెట్ పట్టు వదులవుతుంది. మూతి వైపు కొంచెం వేగం పెరిగే గెయిన్ ట్విస్టును హ్యారీ పోప్ లాంటి పాతతరం బ్యారెల్ పనివాళ్లు ఇష్టపడటానికి ఒక కారణం ఇదే.

బుల్లెట్ డబ్బా మీద బరువు పెద్ద అక్షరాలతో ఉంటుంది, పొడవు చాలాసార్లు ఉండదు. కాలిపర్‌తో ఐదు బుల్లెట్లు కొలిచి సగటు తీస్తే సరిపోతుంది. లెక్క వేసేటప్పుడు ఇవాళ్టి వాతావరణం కాకుండా ఆ రైఫిల్ ఎదుర్కోబోయే అత్యంత చల్లటి, చిక్కటి గాలిని తీసుకోవాలి. సముద్రమట్టానికి ఐదువేల అడుగుల ఎత్తులో గాలి పలచన వల్ల గుణకం 20 శాతం అదనంగా వస్తుంది. అక్కడ చక్కగా నిలబడ్డ బుల్లెట్ చలికాలం ఉదయాన సముద్రతీరంలో మొండికేయొచ్చు. .224 వ్యాసంలో 77 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్, పొడవు ఒక అంగుళానికి రవ్వంత తక్కువ. 1:12 బ్యారెల్లో దాని గుణకం 0.77, అంటే ఆశలు వదులుకోవాల్సిందే. 1:9లో 1.38, వేసవిలో ఢోకా లేదు, చలిలో టెన్షన్. 1:8లో 1.75. ఈ .224 సైజులో దూరపు పోటీలకు 1:8, 1:7 బ్యారెళ్లు రాజ్యమేలడానికి ఇంతకుమించి వివరణ అక్కర్లేదు.

ఈ గొడవలన్నింటికీ దూరంగా ఉన్నది .22 లాంగ్ రైఫిల్ ఒక్కటే. 40 గ్రెయిన్ల సీసం బుల్లెట్, ధ్వనికన్నా తక్కువ వేగం, 1:16 ట్విస్ట్. బుల్లెట్ పొడవు మారలేదు కాబట్టి ట్విస్టూ మారలేదు. 50 మీటర్ల ఒలింపిక్ టార్గెట్ మీద పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, దానికి ఈ జోడీ సరిగ్గా సరిపోయింది. అదే చాంబర్‌లో పట్టేలా చిన్న ఖోళంలో 60 గ్రెయిన్ల పొడవాటి బుల్లెట్ బిగించిన తూటాలు కూడా మార్కెట్లో ఉన్నాయి. ఏ .22 రైఫిల్లో పెట్టినా పడతాయి, పేలుతాయి. వాటికి కావలసింది 1:9 లాంటి ట్విస్ట్. మామూలు 1:16 బ్యారెల్లోంచి పేల్చి టార్గెట్ దగ్గరకు నడిచి వెళ్తే, కాగితం మీద చాలాసార్లు కనిపించేది ఆ తాళంచెవి రంధ్రమే.